నీటిలో ఊపిరికి హద్దులు

రసాయనశాస్త్ర తరగతిలో సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదినపుడు ఆ తేట పాలవలె తెల్లబారుట మీరెల్లరు చూచియే యుందురు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి సుద్దగా మారుటచేత అట్లు జరుగును. ఈ చిన్న ప్రయోగమే ఆధారముగా మానవుడు నీటి క్రింద గంటలకొలది ఊపిరి పీల్చుకొను యంత్రమును నిర్మించుకొనెను. ఆ యంత్రమును ఎంత లోతువరకు, ఎంతసేపు నమ్మవచ్చునో తెలిసికొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఒక కథ. ఇంగ్లాండు, వేల్సు దేశముల నడుమ పారు సెవర్న్ నది క్రింద రైలుమార్గమునకై సొరంగము త్రవ్వుచుండగా, 1879వ సంవత్సరమున పెద్ద ఊట ఒకటి పగిలి పని జరుగుచోటెల్ల నీటితో నిండిపోయెను. లోపల సుమారు వేయి అడుగుల దూరమున ఒక ఇనుపతలుపు తెరచియుండెను. అది మూసినగాని నీటిని తోడి తీర్చుట సాధ్యము కాదు. 1880 నవంబరులో అలెగ్జాండర్ లాంబర్ట్ అను గజయీతగాడు అందులకు పూనుకొనెను. పైనుండి గాలిని పంపు గొట్టమును తగిలించుకొని పోగా, అంత పొడవైన గొట్టము దారిలోని వస్తువులకు చిక్కుకొని అతనిని ముందునకు సాగనీయలేదు. అప్పుడతడు హెన్రీ ఫ్లూస్ అనునాతడు 1878లో కల్పించిన క్రొత్త యంత్రమును ధరించి, గొట్టమేమియు లేకుండ, కన్ను కానరాని చీకటినీటిలో నడచిపోయి ఆ తలుపును మూసి క్షేమముగా తిరిగివచ్చెను.

ఆ యంత్రములో ఒక సిలిండరునిండ ప్రాణవాయువు, ఒక ఊపిరిసంచి, కాస్టిక్ పొటాషు ద్రావణములో తడిపిన త్రాటిపోగులు ఉండెను. ఆ పోగులు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనెడివి. మిగిలిన వాయువునే లాంబర్ట్ మరల మరల పీల్చుకొనెను. ఇట్లు విడిచిన ఊపిరినే శుభ్రపరచి తిరిగి అందించు యంత్రమునకు నేడు రీబ్రీదర్ అని పేరు.

దీని లాభము లెక్కలో చూచిన స్పష్టమగును. నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకును పీడనము సుమారు ఒక బారు చొప్పున హెచ్చును. ఉపరితలమున ఒక బారు, 10 మీటర్ల లోతున రెండు, 30 మీటర్ల లోతున నాలుగు. సాధారణమైన గాలి సిలిండరు ధరించిన ఈతగాడు విడిచిన ఊపిరి బుడగలై పైకి పోవును. అతడు నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడనుకొందము. 30 మీటర్ల లోతున అతనికి ఉపరితలపు లెక్కలో 80 లీటర్లు కావలయును. 200 బార్ల పీడనముతో నింపిన 12 లీటర్ల సిలిండరులో 2400 లీటర్ల గాలి యుండును గనుక అది 30 నిమిషములకు సరిపోవును. కాని ఆ 80 లీటర్లలో అతని దేహము వాడుకొను ప్రాణవాయువు కేవలము ఒక లీటరు. తక్కినదంతయు వ్యర్థమే.

రీబ్రీదరులో ఆ వ్యర్థము లేదు. దేహము వాడుకొనిన ప్రాణవాయువును మాత్రమే మరల చేర్చవలెను. ఆ ఒక్క లీటరు లోతుతో పెరుగదు. కావున 200 బార్లతో నింపిన 2 లీటర్ల చిన్న సిలిండరులోని 400 లీటర్ల ప్రాణవాయువు 400 నిమిషములు రావలెను. ఆరుగంటలకు పైమాట! ఈ అంకెను గుర్తుంచుకొనుడు. ఇది అసత్యము కాదు. అయినను దీనిని నమ్మి నీట దిగినవాడు తిరిగి రాకపోవచ్చును. ఎందుచేతనో క్రమముగా చూతము.

నేటి రీబ్రీదరులు పలురకములు. వానిలో కొన్ని తామే ప్రాణవాయువును కొలిచి, విద్యుత్తు సాయమున తామే చేర్చుకొనును. మరికొన్ని చేతితో నడుపునవి. 1990 దశాబ్దమున జర్మనీలోని డ్రేగర్ సంస్థవారు డాల్ఫిన్ అను యంత్రమును విక్రయించిరి. దానిలో ప్రాణవాయువు హెచ్చుపాలుగల మిశ్రమవాయువు ఎడతెగక ధారగా వచ్చుచుండును. అదనముగా చేరినది బుడగలై పోవును. ఆ దశాబ్దము చివర కెనడాలో గోర్డన్ స్మిత్ అనునాతడు కిస్ అను పేరుగల చేతి యంత్రమును రూపొందించెను. ఆ పద్ధతిని అనుసరించి కొందరు ఈతగాండ్రు డాల్ఫిన్ వంటి యంత్రములను చేతి యంత్రములుగా మార్చుకొనసాగిరి. మిశ్రమవాయువునకు బదులు శుద్ధ ప్రాణవాయువు సిలిండరు ఒకటి, దానిని పలుచన చేయుటకు గాలి సిలిండరు ఒకటి, ప్రాణవాయువును కొలుచు మూడు గ్రాహకములు, ఒక సన్నని రంధ్రము, ఒక మీట, ఇవియే ఆ మార్పు.

సన్నరంధ్రమునుండి నిమిషమునకు ముప్పాతిక లీటరు మాత్రము ప్రాణవాయువు సదా వచ్చుచుండును. ఇది దేహపు అవసరమునకు కొంచెము తక్కువగానే అమర్చబడును. ఆ కొరతను ఈతగాడు మణికట్టునగల కొలతను చూచుకొనుచు, మీట నొక్కి తానే తీర్చవలెను. వంట చేయునామె పొయ్యిని సన్నసెగపై నుంచి, అప్పుడప్పుడు ఒక పుల్ల ఎగద్రోయునట్టిదే ఈ పని. అయితే ఇచట సెగ చల్లారినను, హెచ్చినను, పోవునది ప్రాణము.

ఇక లోతునకు గల హద్దులను చెప్పుకొందము. అవి మూడు.

మొదటిది ప్రాణవాయువు పెట్టు హద్దు. అతియైనచో అమృతమును విషమగునని పెద్దలందురు. అధిక పీడనముతో పీల్చిన ప్రాణవాయువు నాడీమండలమునకు విషమై మూర్ఛలు కలిగించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ 1878లో ప్రకటించిన గ్రంథమున జంతువులపై ప్రయోగములతో నిరూపించెను. ఇక్కడ లెక్కించవలసినది పాక్షిక పీడనము, అనగా మొత్తము పీడనములో ప్రాణవాయువు వంతు. మనము ఒడ్డున పీల్చు గాలిలో అది 0.21 బారు. నీటిలో 1.6 బార్లు దాటరాదని నేటి నియమము. శుద్ధ ప్రాణవాయువైనచో 6 మీటర్ల లోతుననే 1.6 వచ్చును. పలుచన చేయుటకు గాలినే వాడినచో, ఆ గాలి మాత్రమే 66 మీటర్ల వద్ద 1.6 నకు చేరును. అంతకు క్రిందికి దిగినవాడు మీట నొక్కకున్నను విషపు హద్దు దాటినవాడే.

రెండవది రంధ్రము పెట్టు హద్దు. ఇది మార్చిన చేతి యంత్రమునకు ప్రత్యేకమైనది. సాధారణ యంత్రములలో సిలిండరు తలపైనున్న పీడన నియంత్రకము లోతునుబట్టి తన పీడనమును పెంచుకొనును. ఇందులో అట్లు పెరుగకుండ మూసివేయుదురు. లోతు మారినను రంధ్రమునుండి వచ్చు ప్రాణవాయువు పరిమాణము మారకుండుటకే ఈ ఏర్పాటు. రంధ్రమునకు ముందున్న పీడనము ఉదాహరణకు 10 బార్లు అనుకొందము. వెలుపలి పీడనము అందులో సుమారు సగమునకు లోబడి యున్నంతవరకు వాయువు శబ్దవేగముతో రంధ్రమును దాటును; ధార స్థిరముగా నుండును. వెలుపల 5 బార్లనగా 40 మీటర్ల లోతు. అది దాటిన కొలది ధార సన్నగిల్లును. 90 మీటర్ల వద్ద లోపల 10, వెలుపల 10. ధార పూర్తిగా నిలిచిపోవును. మీటకు ప్రాణవాయువు వచ్చునది కూడ ఆ నియంత్రకమునుండియే గావున, మీట నొక్కినను ఏమియు రాదు. సిలిండరు నిండుగానే యుండును. పీల్చుటకు మాత్రము ప్రాణవాయువు ఉండదు. గాదెనిండ ధాన్యముండి తాళపుచెవి పోయినవాని స్థితి యిది.

మూడవది ఊపిరితిత్తులు పెట్టు హద్దు. లోతునకు పోయిన కొలది వాయువు చిక్కనగును. చిక్కని వాయువును గొట్టములగుండ, సున్నపు గుళికలగుండ ఈడ్చుకొనుట ఊపిరికి కష్టము. గవిన్ ఆంథొనీ, సైమన్ మిచెల్ అను శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన పరిశీలనను అనుసరించి, లీటరు వాయువు బరువు 5.2 గ్రాములు మించకుండుట మేలు, 6.2 గ్రాములు దాటరాదు. గాలి 31 మీటర్ల వద్దనే మొదటి అంకెను, 39 మీటర్ల వద్ద రెండవ అంకెను చేరును. ఆపైన ఊపిరి తగినంత ఆడక బొగ్గుపులుసు వాయువు దేహములోనే నిలిచిపోవును. గాలిలోని నత్రజని మత్తు కలిగించుటయు ఆ లోతులయందే. అందుచే ఇంకను క్రిందికి పోవువారు నత్రజనికి బదులు తేలికయైన హీలియమును కలుపుకొందురు. దానికిని ఒక హద్దు కలదు. 2005 జనవరిలో డేవిడ్ షా అను అనుభవశాలి దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అను జలగుహలో, పదేండ్ల క్రిందట అచట మరణించిన యువకుని దేహమును వెలికి తెచ్చుటకై రీబ్రీదరుతో సుమారు 264 మీటర్ల లోతునకు దిగెను. అచట తాళ్లతో పెనగులాడుచు శ్రమపడుటచే బొగ్గుపులుసు వాయువు పేరుకొని అతడు స్పృహ తప్పి మరణించెను. అతని శిరస్త్రాణమున అమర్చిన కెమెరాలో రానురాను వేగమైన అతని ఊపిరి చప్పుడు నిలిచియున్నది. దానిని పరిశీలించియే వైద్యులు కారణమును నిర్ణయించిరి.

లోతు సంగతి యిట్లుండగా కాలమునకును హద్దులు కలవు. మనము గుర్తుంచుకొనిన 400 నిమిషములను ఇప్పుడు సవరించుకొందము.

మొదట సున్నపు హద్దు. నేటి యంత్రములలో ఫ్లూస్ వాడిన త్రాటిపోగులకు మారుగా సోడాలైమ్ అను సున్నపు గుళికలుండును. రసాయన సమీకరణమును బట్టి 74 గ్రాముల చల్లార్చిన సున్నము 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువును పట్టుకొనవలెను. కాని ఈతగాని ఊపిరి గుళికల నడుమ నిలుచునది క్షణకాలమే. నీరు చల్లనైనచో చర్య మందగించును. శ్రమ హెచ్చినచో వాయువు హెచ్చును. గుళికలు సరిగా కూరనిచో వాయువు సందు చూచుకొని తప్పించుకొని పోవును. అందుచేత గుళికలు సగము మిగిలియుండగనే పని చాలించుట కలదు. ఐరోపా ప్రమాణమైన ఇ.ఎన్. 14143 ననుసరించి తయారీదారులు తమ యంత్రమును 4 డిగ్రీల శీతలజలమున నుంచి, నిమిషమునకు 1.6 లీటర్ల బొగ్గుపులుసు వాయువును పంపి, ఎంతసేపు నిలుచునో కొలుతురు. ఆ కొలతయే నమ్మదగినది. అయితే యంత్రమును మార్చినవాడు ఈ నమ్మకమును పోగొట్టుకొనును. గొట్టము మార్చినను, డబ్బా మార్చినను, పరీక్షించిన యంత్రము అది కాదు. మార్చినవాడే ఇక తయారీదారుడు, పరీక్షింపబడువాడును అతడే.

రెండవది విషపు గడియారము. ప్రాణవాయువు 1.6 కంటె తక్కువగా నున్నను ఎంతసేపైన పీల్చవచ్చునని కాదు. అమెరికా దేశపు సముద్ర వాతావరణ సంస్థయైన నోవా పట్టిక ప్రకారము 1.6 బార్ల వద్ద ఒక మునకకు 45 నిమిషములు, 1.4 వద్ద 150, 1.3 వద్ద 180, 1.2 వద్ద 210 నిమిషములు మాత్రమే హద్దు.

మూడవది ఆపద్ధర్మపు హద్దు. యంత్రము చెడినచో పైకి వచ్చుటకై ఈతగాడు వేరొక గాలి సిలిండరును వెంట తీసికొనిపోవును. అది 7 లీటర్లది, 200 బార్లతో నింపినదియైనచో అందులో 1400 లీటర్లు. భయపడినవాడు నిమిషమునకు 25 లీటర్లు పీల్చుననుకొందము. 30 మీటర్ల వద్ద అది 100 లీటర్లు. తెప్పరిల్లుటకు రెండు నిమిషములు పోయినను 200 లీటర్లు ఖర్చు. నిమిషమునకు 9 మీటర్ల చొప్పున పైకి వచ్చుటకు సుమారు 220 లీటర్లు. మిగిలినది 980. చాలసేపు లోతున నుండినవాడు రక్తములో కరగిన నత్రజని మెల్లగా వెడలుటకై 5 మీటర్ల వద్ద ఆగవలెను. అచట నిమిషమునకు 37.5 లీటర్లు. 980 లీటర్లు 26 నిమిషములకు సరిపోవును. కొంత మిగులు ఉంచుకొనినచో ఇరువది నిమిషములే. కావున 20 నిమిషములకు మించి ఆగవలసినంత కాలము అతడు అడుగున ఉండరాదు.

ఇప్పుడు చూడుడు. ప్రాణవాయువు సిలిండరు 400 నిమిషములు అనుచున్నది. విషపు గడియారము 180 అనుచున్నది. పరీక్షింపబడిన సున్నము 120 అనుచున్నదనుకొందము. ఆపద్ధర్మపు సిలిండరు అంతకంటెను తక్కువ చెప్పవచ్చును. వీనిలో అన్నిటికంటె చిన్న అంకెయే శాసనము. గొలుసు బలము దాని బలహీనమైన లంకెలోనే కలదు గదా.

ఈ హద్దులన్నియు తెలిసియు ఈతగాండ్రు మరణించుచుండుటకు కారణమేమి? అచటనే అసలు ప్రమాదమున్నది. హద్దు దాటితినని గ్రహింపవలసిన బుద్ధినే ఈ వాయువులు ముందుగా అపహరించును.

చేతి యంత్రపు ఈతగాడు ఏదో పనిలో మునిగి కొలతను చూచుట మరచెననుకొనుడు. సన్నరంధ్రము మూసుకొనిపోయినది. ఊపిరి వలయములో 6 లీటర్ల వాయువు, ప్రాణవాయువు 1.2 బార్లు. అనగా ఉపరితలపు లెక్కలో 7.2 లీటర్లు మాత్రమే. పనిలో అతడు నిమిషమునకు లీటరున్నర వాడుకొనుచున్నాడు. నాలుగైదు నిమిషములలో అది 0.2 నకు దిగజారును. ఊపిరి యథాప్రకారము ఆడుచునే యుండును. మనకు ఊపిరాడని బాధ కలిగించునది బొగ్గుపులుసు వాయువే గాని ప్రాణవాయువు కొరత కాదు. ఆ బొగ్గుపులుసు వాయువును సున్నము తొలగించుచునే యున్నది. అందుచే ఏ హెచ్చరికయు లేకుండ దీపమార్పినట్లు స్పృహ పోవును.

ఇంకొక లెక్క. 30 మీటర్ల వద్ద ప్రాణవాయువు 0.6 బారు. అది చాలును. కాని మీట నొక్కకుండ పైకి వచ్చినచో పీడనము నాలుగవ వంతై, ఉపరితలము చేరునప్పటికి 0.15 మిగులును. దేహము వాడుకొనినది పోగా ఇంకను తక్కువ. అడుగున బాగుగా నున్నవాడు ఒడ్డు కనబడుచుండగా స్పృహ తప్పును.

మరి విషపు వైపు నమ్మదగిన సూచన యేమైన కలదా? రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన గజయీతగాండ్రపై ప్రయోగములు జరిపి, వాని ఫలితములను 1947లో ప్రకటించెను. ఒకడు ఓర్చుకొను ప్రాణవాయువును మరియొకడు ఓర్వలేడు. అంతే కాదు, ఒక్క మనుష్యునికే నేడు పట్టిన కాలము రేపు పట్టదు. పొడిగదిలో ఓర్చినవాడు నీటిలో ఓర్వలేడు. పెదవి అదరుట వంటి సూచనలు కొందరికి కలిగెను. కొందరికి తిన్నగా మూర్ఛయే కలిగెను. కావున "నిన్న నాకేమియు కాలేదు" అను మాట ఋజువు కాజాలదు. నిన్నటి క్షేమము అదృష్టము కావచ్చును.

అందుచే తెలిసినవారు హద్దును ఒడ్డుననే గీసికొందురు. దిగకముందు లోతును, కాలమును పలకపై వ్రాసికొందురు. గ్రాహకములు శుద్ధ ప్రాణవాయువులో సరిగా చూపుచున్నవో లేదో పరీక్షింతురు. ఏండ్లు గడచిన గ్రాహకము హెచ్చు అంకెను చూపలేదు గనుక గడువు తీరినవానిని పారవేయుదురు. సున్నమును క్రొత్తగా కూరుదురు. నీటిలో నిమిషమున కొకసారియైనను కొలతను చూతురు. పైకి వచ్చుటకు ముందును, వచ్చునపుడును మీట నొక్కుదురు. సందేహము కలిగిననాడు కారణము వెదకుచు కూర్చుండక ముందుగా ఆపద్ధర్మపు గాలికి మారుదురు. అడుగున నున్నపుడు హద్దును మార్చరు. ఏలయన అచట ఆలోచించు మెదడు ఒడ్డున ఆలోచించిన మెదడంత స్పష్టమైనది కాదు.

విద్యార్థులారా! ఈ యంత్రము తగిన శిక్షణ పొందినవారికే. ఇది చదివి ఎవరును బావులలో, చెరువులలో ఇట్టి సాహసములు చేయబూనరాదు. కాని ఈ లెక్కలను మీ పుస్తకములో చేసి చూడవచ్చును. 20 మీటర్ల లోతున ప్రాణవాయువు 0.4 బారు ఉన్నవాడు మీట నొక్కకుండ పైకి వచ్చినచో ఎంత మిగులును? 20 మీటర్ల వద్ద మూడు బార్లు గనుక మూడింట భాగించుడు. వచ్చిన అంకెను మన గాలిలోని 0.21 తో పోల్చి, అతడు స్పృహతో ఒడ్డు చేరునో లేదో మీరే చెప్పుడు. భాగహారము వలన నాకేమి లాభమని అడుగు తమ్ములకు, చెల్లెండ్రకు ఈ ఒక్క లెక్కను చూపుడు. ఎచటనో చీకటినీటిలో ఒకడు ఈ లెక్కను దిగకముందే చేసికొనుటచేత ఇల్లు చేరుచున్నాడు.